విరిగిన దవడ

భిలాయి, సెక్టారు 6,
17-2-1985

ప్రియమైన అహల్యకు,

ఛాయ నమస్కారాలు. నువ్వూ మీ అమ్మగారూ విజయనగరంలో కులాసాగా ఉన్నారని తలుస్తాను. మా నాన్నగారు స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్లకీ ఇంటికీ మధ్య సైకిలు తొక్కుతూనే ఉన్నారు. రెండేళ్లుగా నా ఉత్తరాలకు నువ్వు జవాబు రాయలేదు. దీన్నైనా చివరిదాకా చదువు.

మనం నర్మద ఒడ్డున తవ్విన రాక్షసబల్లి ఇప్పుడు మా ఊళ్లోనే ఉంది. ఎముకలన్నీ కూర్చి నిలబెడితే అంత బరువు మోసే ఇనుప చట్రం ఇక్కడైతేనే బాగా కుదురుతుందని ప్రొఫెసర్ పరబ్రహ్మంగారు వాటిని లారీలో తెప్పించి, జాముల్ రోడ్డులో ఒక వర్క్‌షాపు షెడ్డులో దింపించారు. ఏడు నెలలుగా, తవ్వేటప్పుడు ఎముకల చుట్టూ వేసిన ప్లాస్టరు కట్లు విప్పి, వాటికి అంటుకున్న రాయిని సూదులతో గీకుతున్నాను. విడిగా దొరికిన, మాంసం చీల్చిన ఆ పళ్ల అంచులు ఇప్పటికీ వేలికి రంపంలా తగులుతున్నాయి.

కింది దవడను మాత్రం చాలాకాలం ముట్టుకోలేదు. అక్కడ నేల నుంచి ఎత్తుతుంటే రెండు ముక్కలైంది అదే కదా. నువ్వు కట్టిన ప్లాస్టరు సరిగ్గా లేదని అందరూ అన్నారు. మర్నాడే నువ్వు పెట్టె సర్దుకుని బస్సెక్కేశావు.

మొన్న దాన్ని జిగురుతో అతికించాను. నిన్న చట్రానికి సరిపోతుందో లేదో చూడటానికి పైకెత్తాం. షెడ్డులో పనిచేసే బలరాం కప్పీ చైను లాగుతున్నాడు. నేను అతుకు కింద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాను. దవడ నా తల ఎత్తుకు రాగానే దాన్ని కట్టిన పట్టీ జారింది. మన శ్రీకాకుళం వెల్డరు అప్పలకొండ కేకేశాడు.

"రుక్ జా బలరాం, ఆగు! ఏటి సూస్తన్నావు, బరువంతా అమ్మాయి మీదికొచ్చేస్తంది! అమ్మా, నువ్వు తప్పుకో!"

తప్పుకోలేదు. తప్పుకుంటే అతుకు ఊడిపోతుంది. ఎక్కడో టిక్కుమన్న చప్పుడైంది. అప్పలకొండ చట్రం మీదికెక్కి, దవడకు భుజం ఆనించి, పట్టీ సర్ది బోల్టు బిగించేదాకా అలాగే ఉన్నాను. అతుకు నిలిచింది.

పరబ్రహ్మంగారు చెమట తుడుచుకుంటూ, "ఆ అహల్య చేసిన పనికి ఇవాళ ఒక ప్రాణం పోయేది," అన్నారు. నేను చేతులు కడుక్కునే వంకతో బయటికి వచ్చేశాను.

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ ఛాయ

తా.క. పైదంతా నిన్న రాసి, పోస్టు చెయ్యలేకపోయాను. అహల్యా, ప్లాస్టరు ఆరేదాకా దవడ జోలికి వెళ్లొద్దని చెప్పి, దాన్ని ఎత్తడానికి ముందురోజు నువ్వు ఊళ్లోకి వెళ్లావు. కిందివైపు ఎలా ఉందో చూడాలన్న ఆత్రం ఆపుకోలేక, నేనే గునపం పెట్టి కాస్త ఎత్తాను. లోపల విరిగిన చప్పుడు విన్నాను. ఎలా ఉన్నదాన్ని అలాగే దించేశాను. మర్నాడు అందరూ నిన్ను నిలదీస్తుంటే నోరు మెదపలేదు. నీ పనిలో ఏ లోపమూ లేదు.

ఈ పొద్దున్న షెడ్డులో అందరి ముందూ ఈ మాట చెప్పేశాను. పరబ్రహ్మంగారు నా చేతిలోని సూదిని తీసుకుని బల్ల మీద పెట్టేశారు. రేపట్నుంచి రావద్దన్నారు. తర్వాత నీ అడ్రసు అడిగి, తన చేత్తోనే రాసుకున్నారు. ఆయన ఉత్తరం దీనికంటే ముందే నీకు చేరవచ్చు. నా మీది కోపంతో దాన్ని చింపెయ్యకు. పుర్రె ఇంకా రాతిలోనే ఉంది, దాన్ని బయటికి తియ్యాల్సింది నువ్వే.