సగం ఇళ్లకే దుప్పట్లు

సిరిసిల్ల, బుధవారం

అక్కా,

వాగు మీ ఇంట్లోకి వచ్చిన రోజే నీ ఫోన్ పోయిందని తెలిసింది. అందుకే మీ ఊరికి బియ్యం, దుప్పట్లు తెస్తున్న బండిలో ఈ ఉత్తరం పంపుతున్నాను. ఆ బండిలో నేనూ రావాల్సింది. రాలేకపోయాను, కోప్పడకు.

మీ ఊరి కోసం చందాలు అడుగుదామని పదిమందిని కూడగట్టింది నేనే. కానీ నేను నడిపే మరమగ్గాల మీది బడి పిల్లల యూనిఫాం బట్ట రేపటికల్లా పంపాలి. ఒక్కపూట సెలవు అడిగితే సేటు చేతులు జోడించాడు.

"నువ్వు పోతే ఎనిమిది సాంచాలు ఆగుతయి తమ్మీ. గీ ఆర్డర్ పోతే అందరం రోడ్డు మీద పడ్తం."

ఆయన చెప్పింది అబద్ధం కాదు.

నేను లేకుండానే ఆ పదిమందిలోని ధనుంజయ్ వాళ్లు వాడలన్నీ తిరిగారు. "మీ అక్క గోస నువ్వే చెప్తే జనం ఇంకింత ఇస్తుండిరి" అన్నాడు. దుప్పట్లు సగం ఇళ్లకే వస్తాయట.

ముందు మీ ఇంటికి ఇవ్వమని అడగబోయాను, నోరు రాలేదు. పొద్దంతా నా చేతుల మీదుగా బట్ట దిగుతూనే ఉంది అక్కా, అందులో మీటరు కూడా నాది కాదు.

దుప్పటి నీదాకా రాకపోతే, నా మనసు కోసం వచ్చిందని మాత్రం చెప్పకు.

నీ తమ్ముడు