మోకాళ్ల చూర్ణం ఇక ముట్టుకోవద్దు

చెల్లెలు చిట్టెమ్మకు జర్మనీలోని ఎర్లాంగెన్ నుంచి అక్క వెంకమ్మ దీవెనలు. నేను బాగానే ఉన్నాను. నువ్వూ, పిల్లలూ, మేనత్తా ఎలా ఉన్నారు? నేను చెబుతుంటే మనవరాలు శిరీష రాస్తోంది. ఫోనులో ఎంత చెప్పినా "సరేలే అక్కా" అని పెట్టేస్తున్నావు. అందుకే ఈ కాగితం. దీన్ని ఫోటో తీసి నీ కోడలి ఫోనుకు పంపిస్తున్నాం. అందరి ముందూ చదివించుకో.

ఇక్కడ చలి ఎముకలు కొరుకుతోంది. నా ఈడు ముసలివాళ్లు కూడా సైకిలెక్కి పోతుంటారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాను. బియ్యం దొరుకుతాయి గానీ మాట్లాడే మనిషే దొరకడు.

శిరీష ఉద్యోగం ఏమిటంటే, చీనావాళ్ల నాటు మందుల్లో ఏది మేలు చేస్తుందో, ఏది ప్రాణం తీస్తుందో మిషన్లో విడదీసి చూడటం. నేనిక్కడికి వచ్చేముందు మనిద్దరం సంతలో కొని పంచుకున్న మోకాళ్ల చూర్ణం చూసి అది మొహం చిట్లించింది. నాకు ఒళ్లు మండింది.

"చీనా వేళ్ల మీదేనా నీ ప్రతాపం? మన మందు పరీక్ష చెయ్యవే, నోరు మూతపడుతుంది."

"మా మేడమ్ ఒప్పుకోవాలి అమ్మమ్మా."

"అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

మేడమ్ ఒప్పుకుంది. మూతపడింది నా నోరే. శొంఠితో పాటు అందులో నాభి అనే విషపు దుంప ఉంది. నాభిని మనవాళ్లు గోమూత్రంలో నానబెట్టి, పాలలో ఉడికించి శుద్ధి చేస్తారు కదా. చీనావాళ్లు గంటల తరబడి ఉడికిస్తారట. మన చూర్ణంలో విషం విరగనే లేదు. నేను వైద్యాన్ని తిట్టడం లేదు. శుద్ధి చేయకుండా అమ్మిన ఆ దొంగవెధవను తిడుతున్నాను.

మొన్న నువ్వేమన్నావు? "మూతి తిమ్మిరెక్కుతోందక్కా, మందు పట్టింది, ఇంకో చెంచా పెంచాను" అన్నావు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆ తిమ్మిరి నాభి గుణమే తల్లీ. ముందు పెదాలు, ఆ తర్వాత గుండె అని చెబుతూ శిరీష ఏడ్చింది.

ఇవాళే పెద్దాసుపత్రికి పో. పొట్లం కూడా పట్టుకెళ్లి డాక్టరుకు చూపించు. నొప్పి ఎలా ఓర్చుకోవాలి అంటావేమో. నేను మానేశాను. ఒక్కో మెట్టునూ తిట్టుకుంటూ ఎక్కుతున్నాను. నువ్వూ తిట్టుకో. కుంటుకుంటూ వచ్చి నాతో పోట్లాడే చెల్లెలు చాలు నాకు.

మేనత్త కాళ్లకు నా దండం కూడా నువ్వే పెట్టు. పిల్లలకు ముద్దులు. ఆసుపత్రి నుంచి నీ గొంతు వినిపించేదాకా నేను అన్నం ముట్టను. బెదిరింపే అనుకో.

ఇట్లు, వేలిముద్ర వేసిన
నీ అక్క వెంకమ్మ