సీసం గుండుకి అంటించిన సబ్బు

జర్మనీ నుంచి,
ఆదివారం.

యారాడలో ఉన్న మా అన్నయ్యకి చెల్లెలు నూకరత్నం నమస్కరించి రాసేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు. నువ్వు, వదిన, పెదనాన్న కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్లో చెబితే సగంలోనే నవ్వేసి మాట మార్చేస్తావని ఉత్తరం రాస్తున్నాను. వదిన చేత చివరిదాకా చదివించుకో.

ఇక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. వదిన ఇచ్చి పంపిన ఎండు నెత్తళ్ళ చేపలు మొన్న వేయిస్తుంటే పక్కగది ఆవిడ తలుపు కొట్టింది. కంపని తిట్టడానికే వచ్చిందనుకుని గరిటె పట్టుకునే తలుపు తీశాను. పాపం, ఆవిడ పళ్ళెం తెచ్చుకుంది. ఆ వాసనంటే ఎవరేమంటారోనని నాకింకా ఒళ్ళు మండుతూనే ఉంటుంది. ఎందుకో నీకు తెలుసు.

దువ్వాడ కాలేజీలో ఆ ఫిజిక్స్ మేష్టారు బోర్డు మీద పరమాణువుని గుండ్రంగా గీశాడు. "దాని ఛార్జి అన్ని పక్కలా ఒకేలా ఉంటుందా సార్?" అని అడిగాను. "వలలు అల్లుకునేవాళ్ళకి గుండ్రంగా ఉంటే చాల్లే," అన్నాడు. క్లాసంతా నవ్వింది. అదైనా మరిచిపోదును. ఆ మధ్యాహ్నం నువ్వు హార్బరు నుంచి తిన్నగా నాకు క్యారేజీ తెచ్చావు. ఆ మేష్టారు నిన్ను ల్యాబ్ గుమ్మంలోనే ఆపేసి, "చేపల కంపు! మెషీన్లు పాడవుతాయి, బయట నిలబడు," అన్నాడు. "నాను బయటే ఉంటానులెండి బాబూ," అని ఎండలోకి వెళ్ళిపోయావు. ఆ తర్వాత నన్ను చూడ్డానికి ఎప్పుడొచ్చినా చేతులు పగిలేలా సబ్బుతో తోముకుని వచ్చేవాడివి. కాలేజీ గేటు మాత్రం దాటలేదు.

ఇప్పుడు నా పని ఆ ఛార్జి చూడ్డమే. మహా చల్లటి పెట్టెలో సన్నటి సూది ఉంటుంది. ఒక అణువుకి అతుక్కుని ఉన్న బ్రోమిన్ పరమాణువుని తాకకుండా, దాని మీదుగా ఆ సూదిని జరుపుతూ, ఎక్కడ ఏ ఛార్జి ఉందో పటం గీయాలి. నెలరోజులు మసక మచ్చ తప్ప ఏమీ రాలేదు. ఏడుపొచ్చింది. అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. లోతు చూడ్డానికి పడవలోంచి తాడు కట్టిన సీసం గుండు దింపేటప్పుడు అనేవాడివి కదా: "ఉత్త గుండు దింపితే ఏటి తెలుస్తాదే? అడుగున సబ్బు అంటించు. ఇసకో బురదో దానికంటుకొచ్చి అదే సెప్తాది." సూది కొసకి జినాన్ అనే వాయువు పరమాణువు ఒక్కటి అంటించాను. పటం తేటగా వచ్చింది. నెత్తిన ధన ఛార్జి, చుట్టూ నడుముకి ఋణ ఛార్జి. ఒకేలా లేదన్నయ్యా! వేరే దేశంలో ఇదివరకే చూశారట, మా ల్యాబ్‌లో మాత్రం నేనే మొదలు.

ఆ మేష్టారు ఇప్పుడు ప్రిన్సిపాలు. వచ్చే నెల సెలవుకి వస్తున్నానని తెలిసి, కాలేజీలో మాట్లాడమని రాశాడు. నేను గర్వకారణమట! వస్తానన్నాను. కానీ "నాకంటే ముందు మా అన్నయ్య మాట్లాడాలి, ఫిజిక్స్ ల్యాబ్ గుమ్మం దగ్గర మీరే ఎదురొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాలి" అని షరతు పెట్టాను. "తప్పకుండా. అన్నగారు ఏం చేస్తుంటారు?" అని అడిగాడు. వాడికి గుర్తే లేదు! నా కోపం రెండింతలైంది. సముద్రం లోతు కొలుస్తారని రాశాను. పెద్ద ఆఫీసరనుకున్నాడు కాబోలు, శాలువా కప్పుతాడట.

వదిన "వదిలీయమ్మా" అంటుందని తెలుసు. వదలను. నన్నొక్కదాన్నే అనుంటే వదిలేద్దును.

పెదనాన్నకి నా దండాలు చెప్పు. మీరంతా నన్ను దీవించండి. కొంచెం నెత్తళ్ళు ఎండబెట్టి ఉంచమని వదినకి చెప్పు, పక్కగది ఆవిడకి కూడా కావాలి.

కాలేజీలో మాట్లాడే రోజు వేట నుంచి తిన్నగా రా. లుంగీ మార్చకు, స్నానం చెయ్యకు. గుండు తెచ్చుకో, దానికి అంటించి చూపించడానికి చిన్న సబ్బు ముక్క తెచ్చుకో. ఒంటికి మాత్రం రాసుకోకు.

నీ చెల్లెలు,
నూకరత్నం