నీళ్ళలో చెయ్యి పెట్టేముందు

జహీరాబాద్

అన్నయ్యకు,

నీ చెల్లెలు విజయ నమస్కరించి రాస్తున్న ఉత్తరం. నేను ఇక్కడ బాగున్నాను. అక్కడ నువ్వు, వదిన, అమ్మ, పిల్లలు అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పికి నేను పంపిన నూనె రాస్తోందా, లేక అలమరలో దాచిపెట్టిందా? దాచిపెట్టి ఉంటే వదినను తీసి రాయమను. రాయమన్నానని మాత్రం అమ్మకు చెప్పొద్దు.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకు అనుకుంటావు. నువ్వు ఫోను ఎత్తేది చేపల చెరువు గట్టు మీద. గాలికి సగం మాటలు నీకు వినపడవు, మిగతా సగానికి "సరేలే" అంటావు. ఈసారి చెప్పేది నువ్వు కూర్చుని చదవాల్సిన సంగతి. అందుకే రాస్తున్నాను. నాకేమీ కాలేదు. ఆ మాట ముందే చెబుతున్నాను, కంగారు పడకుండా చదువు.

ఇక్కడికి వచ్చి ఏడు నెలలైంది. డయాలసిస్ సెంటర్లో పని అలవాటైపోయింది. మొత్తం ఆరు మిషన్లు, ఇద్దరం టెక్నీషియన్లం. నేను నర్సును కాదని ఎన్నిసార్లు చెప్పినా అందరూ సిస్టర్ అనే పిలుస్తారు. వీళ్ళ మాట మొదట్లో సగమే అర్థమయ్యేది. దూప అంటే దాహం అని తెలియక, ఒకాయన దూప అవుతోందంటే ధూపం వెయ్యమంటున్నాడేమో అనుకున్నాను. ఇప్పుడు నేనే "జర ఆగండి" అంటున్నాను. ఇంటావిడ జొన్నరొట్టె చేసిన రోజు రెండు నాకూ పంపిస్తుంది. రొట్టె బాగానే ఉంటుంది కానీ చేపల పులుసు లేకుండా ఇన్ని రోజులు ఉండగలనని నేనే అనుకోలేదు. ఆదివారాలు మాత్రం గడవవు. బట్టలు ఉతుక్కుని, మేడ మీద కూర్చుని, చెరకు ట్రాక్టర్లు పోతుంటే చూస్తాను.

ఇక్కడ చలి మన వైపు చలి కాదు. పొద్దున మంచినీళ్ళు నోట్లో పోసుకుంటే పళ్ళు జివ్వుమంటాయి. అసలు కథంతా ఆ చలితోనే మొదలైంది.

మా సెంటర్లో, రోగుల వెంట వచ్చినవాళ్ళు కూర్చునే హాల్లో, ఒక చేపల తొట్టి ఉంది. రెండడుగుల పొడవు, అరవై లీటర్ల దాకా నీళ్ళు పడతాయి. ఇక్కడ చాలాకాలం డయాలసిస్ చేయించుకుని, తర్వాత కిడ్నీ మార్పిడి అయి వెళ్ళిన ఒకాయన ఇచ్చిపోయాడట. అందులో ఆరు ఏంజెల్ చేపలు ఉండేవి. హాలుకీ మిషన్ల గదికీ మధ్య అద్దం గోడ. మూడో నంబరు కుర్చీలో కూర్చున్నవాళ్ళకు తొట్టి తిన్నగా కనిపిస్తుంది.

ఆ మూడో నంబరు కుర్చీ నర్సింలు గారిది. కోహీర్ దగ్గర పల్లె, రెండెకరాల పొలం, యాభై అయిదేళ్ళుంటాయి. మంగళవారం, శుక్రవారం షేర్ ఆటోలో ఒక్కడే వస్తాడు. నేను గారు అంటే నవ్వుతాడు, వాళ్ళ ఊళ్ళో ఆయనను అలా పిలిచినవాళ్ళు లేరట. డయాలసిస్ వాళ్ళు నీళ్ళు కొలిచి తాగాలి కదా అన్నయ్యా, రోజుకు రెండు మూడు గ్లాసులే. ఎండలో మట్టి పని చేసి పెరిగిన మనిషికి అది ఎంత కష్టమో ఆలోచించు. ఆయన నాలుగు గంటలూ ఆ తొట్టి వైపే చూస్తూ కూర్చుంటాడు. ఎందుకని ఒకసారి అడిగితే, "గా నీళ్ళు సూస్తుంటే దూప జర తక్కువైతది బిడ్డా" అన్నాడు.

చలి ముదిరాక చేపలు తిండి మానేశాయి. మూలకు చేరి రెక్కలు ముడుచుకున్నాయి. ఒంటి మీద రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు వచ్చాయి. అప్పుడే నీకు ఫోన్ చేశాను, మేత తగ్గించమన్నావు, తగ్గించాను. అయినా ఒక చేప చనిపోయింది. ఆ శుక్రవారం నర్సింలు గారు కూర్చోగానే లెక్కపెట్టి, అయిదే ఉన్నాయేమిటని అడిగాడు. చెప్పాను. ఆ నాలుగు గంటలూ ఆయన తొట్టి వైపు చూడలేదు. పక్క కుర్చీలో ఉండే ఒకాయన అంతకు ముందు వారమే పోయాడు. చేపలను బతికించాలని నాకు ఆ రోజే గట్టిగా అనిపించింది.

బస్టాండు దగ్గర చేపలు అమ్మే చిన్న షాపు ఉంది. అక్కడికి వెళ్ళి హీటరు అడిగాను. గాజు గొట్టం లోపల తీగ, పైన డిగ్రీలు తిప్పే మర, అంతే దాని సంగతి. పెద్దది తీసుకుంటే తొందరగా వేడెక్కుతుందని మూడు వందల వాట్లది ఇమ్మన్నాను. షాపాయన ఇవ్వలేదు. లీటరుకు ఒక వాట్ చొప్పున చూసుకుంటే చాలునట. మరీ పెద్దది పెడితే, మర పాడై ఆగకుండా మండిన రోజు చేపలు ఉడికిపోతాయన్నాడు. డెబ్బై అయిదు వాట్లది చేతిలో పెట్టి చెప్పాడు:

"సబర్ చెయ్యాలె మేడం. పెట్టంగనే స్విచ్ ఎయ్యొద్దు. అరగంట నీళ్ళల ఉండనిచ్చి ఎయ్యున్రి. నీళ్ళు మార్చెటప్పుడు బంద్ జేసుడు మర్సిపోవద్దు."

సబర్ అంటే ఓపిక. నీళ్ళు మార్చేటప్పుడు ఆపమన్న ఆ చివరి మాట విన్నాను అన్నయ్యా. విని తల కూడా ఊపాను. అందుకే తప్పు షాపాయనది కాదు.

పెట్టడం శ్రద్ధగానే పెట్టాను. మా డయాలసిస్ మిషన్లు కూడా నీళ్ళను ఒంటి వేడికి వేడిచేసి పంపుతాయి, కాబట్టి నాకు ఈ పని కొత్త కాదని ధీమా. కాని మా మిషను అర డిగ్రీ ఎక్కువైనా మోత మోగిస్తుంది. ఈ గాజు గొట్టం ఏమైనా నోరెత్తదు. ఆ తేడా నేను పట్టించుకోలేదు. మొదటి రోజు ఇరవై రెండు డిగ్రీలు, తర్వాత రోజుకు ఒక డిగ్రీ చొప్పున పెంచి ఇరవై ఆరుకు తెచ్చాను. ఒక్కసారిగా పెంచితే చేపలు తట్టుకోలేవు. నాలుగో రోజుకు చేపలు మూల వదిలి మధ్యకు వచ్చాయి. నర్సింలు గారు మళ్ళీ చూడటం మొదలుపెట్టాడు.

తర్వాతి మంగళవారం మధ్యాహ్నం తొట్టి నీళ్ళు మారుద్దామని దిగాను. సన్న గొట్టం పెట్టి మూడో వంతు నీళ్ళు బకెట్లోకి లాగాను. హీటరు నిలువుగా అతికించి ఉంది. నీళ్ళు తగ్గేసరికి దాని పై సగం గాలిలోకి వచ్చింది. స్విచ్ వేసే ఉంది. నేను చూడలేదు. మా ఆయా బాలమణి కొత్త నీళ్ళ బకెట్ తెచ్చి పోసింది. టక్కున చిన్న శబ్దం వచ్చింది. చూస్తే హీటరు గాజు మీద పైనుంచి కింది దాకా వెంట్రుకంత గీత. లోపలికి నీళ్ళు దిగుతున్నాయి.

గాజు పగిలి చేపలకు గుచ్చుకుంటుందేమో అన్నదొక్కటే నాకు తోచింది. చేపలు మామూలుగానే తిరుగుతున్నాయి. చొక్కా చెయ్యి పైకి మడిచి, దాన్ని బయటికి లాగుదామని వంగాను.

"బిడ్డా, చెయ్యి పెట్టకు."

నర్సింలు గారి గొంతు. మధ్య తలుపు తెరిచే ఉంది. ఆయన చేతికి రెండు సూదులు, మిషను నడుస్తోంది, లేవలేడు. గట్టిగా కూడా అనలేదు. అయినా నా చెయ్యి నీళ్ళకు జానెడు ఎత్తులో ఆగిపోయింది.

"ముందుగాల ప్లగ్గు పీకు. పీకేముందు చేతులు తుడుసుకో."

బాలమణిని వెనక్కి జరగమన్నాను. చేతులు తుడుచుకుని, స్విచ్ ఆపి, ప్లగ్గు పీకాను. లోపలికి వెళ్ళి ఆయన మిషను చూస్తే బీపీ బాగా పెరిగి ఉంది. ఆయన చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చున్నాను.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ యాదగిరి వచ్చాడు. గోడకున్న ప్లగ్గు పెట్టె విప్పి చూస్తే ఎర్తు తీగ బిగించే లేదు, లోపల ఊరికే వేలాడుతోంది. ఎప్పుడు ఎవరు అలా వదిలేశారో తెలియదు. చేపలు బాగానే తిరుగుతున్నాయి కదా, నీళ్ళలో కరెంటు ఉంటే అవి ముందే చావవా అని అడిగాను.

"వాటికేం గాదు మేడం, అవి నేలకు తగుల్తలేవు గద. మీరు నేల మీద నిలవడి చెయ్యి పెడితే కరెంటుకు తొవ్వ దొరుకుతది. చాపలు తిరుగుతున్నయని చూసి చెయ్యి పెట్టెటోళ్ళే పోతరు."

నేను సరిగ్గా అదే చూసి చెయ్యి పెట్టబోయాను అన్నయ్యా. తడి నేల మీద, చెప్పులు విడిచి నిలబడి.

శుక్రవారం నర్సింలు గారు వచ్చాక, ఆయనకు ఎలా తట్టిందని అడిగాను. చెప్పాడు. ఆయనకు రాములు అని తమ్ముడు ఉండేవాడు. బోరు దగ్గర స్టార్టర్ డబ్బా వానకు తడిసింది. రాములు తడి చేత్తో దాని మూత తీయబోయాడు. నర్సింలు గారు పది అడుగుల దూరంలో, పార చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. వద్దని అనాలనుకున్నాడు.

"నోరు రాలే బిడ్డా. సూసుకుంట నిలవడ్డ. ఇరవై ఏండ్లాయె. మొన్న లేస్త అంటే సూదులు లేవనియ్యలే. గని నోరొచ్చింది."

అలా అని అద్దం వైపు తిరిగాడు. నేను దూది తెస్తానని చెప్పి స్టోరు గదిలోకి వెళ్ళి కాసేపు ఏడ్చి వచ్చాను.

ఇప్పుడు కొత్త హీటరు ఉంది. యాదగిరి ఎర్తు బిగించాడు. ఎక్కడైనా కరెంటు లీకైతే రెప్పపాటులో తనంతట తానే పడిపోయే స్విచ్ ఒకటి పెట్టాడు, ఆర్.సి.సి.బి. అంటారు. దానికి ఒక మీట ఉంది, నెలకోసారి నొక్కి, పడిపోతోందో లేదో చూసుకోవాలి. హీటరును ఈసారి అడుగున, గులకరాళ్ళకు తగలకుండా అడ్డంగా అతికించాం. నీళ్ళు ఎంత తగ్గినా అది మునిగే ఉంటుంది. ఫిల్టరు నీళ్ళు వచ్చి పడే వైపు పెట్టాం కాబట్టి వేడి అంతటా సమంగా పోతుంది. థర్మామీటరు రెండో చివర. తీగను ప్లగ్గు కన్నా కిందికి వంపు తిప్పి పెట్టాం, తీగ వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. తొట్టిలో చెయ్యి పెట్టాలంటే ముందు ప్లగ్గు పీకడం, హీటరు చల్లారేదాకా ఇరవై నిమిషాలు ఆగడం. కరెంటు పోయిన రోజు తొట్టికి పాత దుప్పటి చుట్టేస్తాం. వేడినీళ్ళు మాత్రం పొయ్యం. బాలమణికి చదువు రాదు కనుక ప్లగ్గు బొమ్మ గీసి, దాని పక్కన చెయ్యి బొమ్మకు ఎర్రగా అడ్డగీత కొట్టి గోడకు అంటించాను. అయిదు చేపలూ బతికాయి. చుక్కలు రాలిపోయాయి. నర్సింలు గారు రాగానే తన కుర్చీలోంచే డిగ్రీలు ఎన్నో నన్ను చదవమంటాడు.

ఇక నేను ఈ ఉత్తరం రాసిన కారణం. అన్నయ్యా, నీళ్ళు చిమ్మి గాలి కలిపే ఆ ఏరేటర్లు తిరుగుతుండగానే నువ్వు నడుం లోతు చెరువులో దిగి, రెక్కలకు చుట్టుకున్న నాచు తీస్తావు. మొన్న దసరాకు వచ్చినప్పుడు చూశాను. తీగ అతుకులు నీళ్ళ మీద తేలుతున్నాయి, వాటికి ప్లాస్టిక్ కవరు చుట్టి తాడు కట్టావు. అప్పుడు నాకేమీ అనిపించలేదు. చిన్నప్పటి నుంచీ నాన్న చేయగా చూసిందే కదా. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అదే కనిపిస్తోంది. రెండు చెరువుల దగ్గరా ఆ పడిపోయే స్విచ్ పెట్టించు. అతుకులు తీయించి ఒకే తీగ వేయించు. మీటరు పెట్టె దగ్గర ఎర్తు ఉందో లేదో విప్పి చూపించమను. వదినా, ఈ ఉత్తరం అన్నయ్య చదివాక నువ్వు కూడా చదువు. పని అయ్యేదాకా ఆయనను చెరువులో దిగనివ్వకు. అమ్మకు మాత్రం చేపలు బతికిన ముక్క ఒక్కటే చదివి వినిపించండి.

నీ చెరువుల సంగతి నర్సింలు గారికి చెప్పాను. ఉత్తరం రాస్తున్నానంటే, తన మాటగా ఇది కూడా రాయమన్నాడు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను:

"తమ్మీ, మెయిను బంద్ జేసినంకనే నీళ్ళల దిగు. ఒక్కనివి దిగకు. గట్టు మీద ఒకల్ని నిలవెట్టుకో, నోరున్నోళ్ళను."

అమ్మకు, పెద్దమ్మకు నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. నన్ను చల్లగా ఉండమని దీవిస్తూ, స్విచ్ పెట్టించానని నీ చేత్తో రెండు ముక్కలు రాయి. ఫోనులో చెబితే నేను ఒప్పుకోను.

ఇట్లు,
నీ జవాబు కోసం చూస్తూ ఉండే చెల్లెలు,
విజయ