ఔట్ అని ఉన్న బోల్టు

జూన్ 3, సోమవారం

పంపు వచ్చింది. మా పాత డీజిల్ జీపుకి, ఇంకెవరి బండిలోంచో ఊడదీసిన డీజిల్ పంపు. సికింద్రాబాదులో పంపుల మెకానిక్ ఇమామ్ భాయ్ దాన్ని విప్పి, లోపల అరిగినవి మార్చి, బెంచి మీద టెస్ట్ చేసి, సీసపు సీలు వేసి ఇచ్చాడు. ఈయన దాన్ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఏ.ఎస్. రావు నగర్ దాకా తెచ్చారు. నేను కాపురానికి వచ్చినరోజు నా ట్రంకుపెట్టెకి కూడా ఇంత మర్యాద జరగలేదు.

సాయంత్రం బిగించారు. టార్చి పట్టుకునే ఉద్యోగం నాది, లెక్చరు ఫ్రీ. పంపులోకి డీజిల్ వచ్చే పైపు ఒకటి, మిగిలిన డీజిల్ ట్యాంకుకి తిరిగిపోయే పైపు ఒకటి. ఆ రెండు పైపుల బోల్టులూ చూడ్డానికి కవలలే. కానీ తిరిగిపోయేదాని తల మీద ఔట్ అని ఉంటుంది, దాని లోపలి రంధ్రం సూది మొనంతే. ఆ సన్నరంధ్రం వల్లే పంపులో ప్రెషర్ నిలుస్తుందట. రెండూ తారుమారైతే బండి స్టార్టవుతుంది గానీ లాగదు. ఇదంతా చెప్పి, నీకెందుకు చెప్తున్నానో, రేపటికి మర్చిపోతావు అన్నారు.

మర్చిపోలేదు.

జూన్ 4

జీపు బ్రహ్మాండంగా నడిచింది. సైనిక్‌పురి దాకా వెళ్ళొచ్చారు. వాకింగ్ బ్యాచ్‌ని ఆదివారం ఎక్కడికో ట్రిప్పుకి తీసుకెళ్తానని మాటిచ్చేశారు. ఈయన ప్లాంటులో టెస్టింగ్‌లో చేసి రిటైరయ్యారు కదా, తప్పు కనిపెట్టడంలో పోలరాజు గారి తర్వాతే ఎవరైనా అని వాళ్ళు అంటారు. ఇంట్లో మా అందరి తప్పులూ కనిపెడతారు. మేమందరం అంటే నేనొక్కదాన్నే.

జూన్ 5

పొద్దున్న బోల్టుల దగ్గర డీజిల్ చెమ్మ కనిపించింది. రెండూ విప్పి కొత్త రాగి వాషర్లు వేసి మళ్ళీ బిగించారు.

మధ్యాహ్నం అనసూయమ్మ గారు వచ్చారు. కాలనీ లేడీస్ క్లబ్ ప్రెసిడెంట్. కమ్యూనిటీ హాల్లో కుట్టు క్లాసు పెడుతున్నాం, మీరు నేర్పాలి సత్యవేణి గారూ, హాలు తాళాలు కూడా మీ దగ్గరే ఉంచుతాం అన్నారు. నాకు ఎంత ఆనందమేసిందో రాయలేను. నేను సరే అనేలోపు ఈయన, నేను వేయించిన గారెలు నములుతూనే, నవ్వుతూనే, వద్దండీ, మా ఆవిడకి మతిమరుపు, పోయినేడు గ్యాసు ఆపకుండా గుడికెళ్ళిపోయింది, తాళాలు దీని చేతికిస్తే మీ హాలు గాలికే అన్నారు. ఆవిడ నావైపు జాలిగా చూశారు. క్లాసు కాంతమణికి ఇచ్చేస్తారట.

గ్యాసు ఆపకుండా వెళ్ళింది ఒక్కసారి. ఆ ఒక్కసారిని ఏడాదిగా వీధివీధికీ పంచుతున్నారు. వంటింట్లో ప్రతి డబ్బా మీదా లేబుల్ అంటించారు. ఉప్పు. పంచదార. స్టవ్ దగ్గర: ఆపావా? ఉప్పుకీ పంచదారకీ తేడా తెలియని దాన్ననుకుని వచ్చినవాళ్ళంతా చదువుతారు.

ఆవిడ వెళ్ళాక ఈయన డీజిల్ కోసం క్యాను పట్టుకుని బయల్దేరారు. నేను స్పానరు తీసుకుని వెళ్ళి రెండు బోల్టులూ అటుదిటు ఇటుదటు వేసేశాను. ఔట్ అన్న అక్షరాల మీద కొంచెం గ్రీజు రాశాను. కారిన డీజిల్ తుడిచాను. చేతులు శీకాకాయతో కడుక్కున్నాను.

జూన్ 6

బండి లాగడం లేదు. తెల్లపొగ. గేటు దాటగానే ఆగిపోయింది.

ఈయనకి పండగ. తప్పు దొరికితే ఈయనకి ఆకలి కూడా వెయ్యదు. పద్ధతి ప్రకారం వెళ్ళాలి సత్యా, ప్రతి తప్పుకీ ఒక కారణం ఉంటుంది అన్నారు. అవునండీ అన్నాను.

జూన్ 8

ఫిల్టరు మార్చారు. పైపులో గాలి ఉందేమోనని తీశారు. డీజిల్‌లో బుడగలు కనబడతాయని ప్లాస్టిక్ పైపు వేశారు. బుడగల్లేవు. బానెట్ మీద క్యాను వేలాడదీసి, అందులోంచి నేరుగా పంపుకి డీజిల్ పంపారు. సెలైన్ ఎక్కిస్తున్నారా అని పక్కింటాయన అడిగాడు. నాకు నవ్వాగలేదు, లోపలికొచ్చి నవ్వాను. ఎన్నాళ్ళయింది అలా నవ్వి!

జూన్ 9, ఆదివారం

ట్రిప్పు లేదు. వాకింగ్ బ్యాచ్ బస్సులో పోయారు.

జూన్ 12

పంపు విప్పి ఇమామ్ భాయ్ దగ్గరికి తీసుకెళ్ళారు. విప్పేముందు, డీజిల్ వచ్చే పైపు బోల్టుకి ఎర్రదారం కట్టారు. తీసింది తీసినచోటే పెట్టాలి, నీలాగా ఎక్కడపడితే అక్కడ పెడితే కుదరదు అన్నారు. ఎర్రదారం కట్టింది ఔట్ బోల్టుకి. నేను ఉల్లిపాయలు తరుగుతూ కిటికీలోంచి చూశాను.

బెంచి మీద పంపు బంగారంలా పనిచేసిందట. చేయదా మరి, బెంచికి దాని బోల్టులు దానికుంటాయి. మావి ఇక్కడే గిన్నెలో ఉన్నాయి. పంపు మస్తుగున్నది సార్, తక్లీఫ్ బండిలనే ఉన్నది, పైపులు గిట్ల జెర సూస్కోన్రి అని ఇమామ్ భాయ్ చెప్పాడట. అది చెబుతుంటే ఈయనకి ముక్కు మీద కోపం.

తెచ్చి, ఎర్రదారం చూసుకుని మరీ బిగించారు. తెల్లపొగ.

జూన్ 15

సీలు కోసేశారు. పంపు బాగుచేసినవాడు డీజిల్ సర్దే స్క్రూకి తీగ చుట్టి, సీసం నొక్కి, దానిమీద తన మార్కు వేస్తాడు. అది ఉన్నంతకాలం పంపు ఏ తప్పు చేసినా వాడిదే పూచీ. కోస్తే ఇక ఆ షాపు గడప తొక్కడానికి లేదు, వాడి పనిని నమ్మనని చెప్పినట్టే. ఈయనకి ఇదంతా తెలుసు. నాకు చెప్పిందే ఈయన. అయినా కటింగ్ ప్లయరుతో పుటుక్కున తెంపి స్క్రూ తిప్పారు.

ఇప్పుడు నల్లపొగ.

జూన్ 16, ఆదివారం

రేపు బక్రీదు. ఇంట్లో అంత పని పెట్టుకుని కూడా ఇమామ్ భాయ్ తనంతట తనే వచ్చాడు, బండి చూస్తానని. ఇరవై ఏళ్ళుగా వస్తూ పోతూ ఉన్న మనిషి. తెగిన తీగ చూసి నిలబడిపోయాడు. ఈయన గేటు దగ్గర, వీధంతా వింటుండగా, దొంగ పంపు అంటగట్టావన్నారు. కోపమొస్తే ఈయనకి శ్రీకాకుళం వచ్చేస్తుంది. ఏటి సూస్తన్నావ్, పాత ఇనుముకి రంగేసి అమ్మీసినావు అని అరిచారు.

ఇమామ్ భాయ్ గొంతు పెంచలేదు. గా సీలు మీద నా మార్కు ఉండె సార్, మీ చేతులతోని కోసిన్రు, ఇగ గది నా పంపు గాదు అన్నాడు. నేనిచ్చిన మంచినీళ్ళు తాగాడు. వెళ్తూ నాతో మెల్లగా, సార్ చానా పరేషాన్ల ఉన్నడమ్మా, జెర పైలం అన్నాడు.

అప్పుడు చెప్పాల్సింది. రెండడుగులు వేసి, బోల్టులు మార్చింది నేనే భాయ్ అంటే అయిపోయేది. చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. సిగ్గుపడుతూనే ఈయన మొహం చూశాను. ఆ మొహం ఇంకొన్నాళ్ళు చూడాలనిపించింది.

జూన్ 19

ఈయన సన్నబడ్డారు. జీపు దగ్గర తనలో తను మాట్లాడుకుంటున్నారు. పొద్దున్న నా కూరలో ఉప్పెక్కువైంది. ఏమీ అనలేదు.

జూన్ 22, పదకొండు గంటలు

దొరికింది.

మళ్ళీ అన్నీ విప్పి కిరసనాయిల్‌లో కడిగారు. గ్రీజు పోయింది. ఎర్రదారం కట్టిన బోల్టు తల మీద ఔట్. చాలాసేపు దాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నారు. నా మీదికి వస్తారనే అనుకున్నాను. ఏం చెప్పాలో మనసులో అంతా సిద్ధం చేసుకున్నాను: హాలు తాళాలు, లేబుళ్ళు, గారెలు. కొంగు బిగించి గుమ్మంలో నిలబడ్డాను.

ఈయన తలెత్తి, వాషర్లు వేసినరోజు నేనే తారుమారు చేశాను సత్యా అన్నారు. దారం కూడా నేనే కట్టాను, దీనికే కట్టాను, చూశాను కూడా, చూసీ కట్టాను అన్నారు. అమ్మకి కూడా ఇలాగే మొదలయింది అన్నారు.

మా అత్తగారు ఆఖర్న తన కొడుకునే గుర్తుపట్టలేదు. ఎవరు బాబూ నువ్వు అని అడిగేది. ఆ ఊసెత్తితే ఈయన లేచి వెళ్ళిపోతారు. ఈరోజు తనే ఎత్తారు.

బోల్టులు సరిగ్గా వేశారు. జీపు ఒక్క సెల్ఫ్‌కి స్టార్టయింది. ఇంజన్ ఆపేసి తాళం తెచ్చి నా చేతిలో పెట్టారు.

జూన్ 24

ఇమామ్ భాయ్ దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడిగి వచ్చారు. ఆయన మళ్ళీ సీలు వేసిస్తానన్నాడట. అయితయ్ సార్, మనుషులమే గదా అన్నాడట.

సాయంత్రం అనసూయమ్మ గారు కనిపించారు. పోలరాజు గారు బాగా తగ్గిపోయారేమిటండీ అని అడిగారు. మతిమరుపండీ, చేసింది గుర్తుండటం లేదు అన్నాను. నవ్వుతూనే అన్నాను.

జూన్ 27

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆటోలో నా చెయ్యి పట్టుకున్నారు. మతిమరుపు పరీక్షకని గడియారం బొమ్మ గీసి, పదకొండూ పది చూపించమన్నారట డాక్టరు గారు. ఈయన కంగారులో ముళ్ళు తప్పు పెట్టారు. వయసుకి మామూలే, ఇంట్లో గమనిస్తూ ఉండండమ్మా అని డాక్టరు గారు నాకు చెప్పారు. గమనిస్తానన్నాను.

జూన్ 29

ఈరోజు చెప్పేద్దామనే అనుకున్నాను. టీ కలిపి తీసుకెళ్ళాను. బీపీ మాత్ర వేసుకున్నానా అని అడిగారు. వేసుకున్నారు, నేను చూశాను, అదే చెప్పాను. ఎంత ఊరట పడ్డారో! నువ్వున్నావు కాబట్టి సరిపోయింది అన్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ మాట వినలేదు. చెబితే మళ్ళీ ఎప్పటికీ వినను.

టీ ఇచ్చి వచ్చేశాను.

జూలై 2

ఇప్పుడు ప్రతిదీ అడుగుతున్నారు. గేటు వేశానా? స్నానం చేశానా? ఈరోజు ఏ వారం? నిజంగా మర్చిపోవడం లేదు, తన మీద తనకి నమ్మకం లేదంతే. నేను ఏది చెబితే అది.

జూలై 4, మధ్యాహ్నం

కుక్కరు ఇంకా దించలేదు. నేను భోంచేశానా సత్యా అని అడిగారు.

చేశారన్నాను.

సరేనని వెళ్ళి చెయ్యి కడుక్కున్నారు.