కమాన్ పట్టీనా, స్టెయిన్‌లెస్సా?

జనవరి 19, సోమవారం
తీర్మానం! ఆదివారం అంగడి మూసేదాకా నా కత్తులకు సానరాయి తగలదు.

మా ఓనరు అమానుల్లా భాయ్‌కి రోజూ పొద్దున కత్తులు నూరడమే అసలు వృత్తి. మటన్ అమ్మడం సైడు బిజినెస్. "ఉక్కు మంచిదైతే వారమైనా పదును పోదు భాయ్," అన్నాను. ఫోనులో చూసి నేర్చుకున్న చదువు. ఎవడబ్బ సొమ్మూ కాదు.

"అట్లనా జుబేరూ? ఆదివారం రష్షంతా నూరకుండా కోసి సూపీ. కుప్పంలో పెట్టే కొత్త అంగట్లో మటన్ కొట్టే మొద్దు నీదే. లేదంటే బబ్లూ పోతాడు. నువ్వు ఈడే పేగులు కడుక్కో."

బబ్లూ! నా తర్వాత చేరినవాడు!

పోటీలో ఉన్నవి: పుంగనూరు కొలిమిలో కమ్మరి పెద్దన్న లారీ కమాన్ పట్టీని, అంటే కింద ఉండే స్ప్రింగు పట్టీని, సాగగొట్టి చేసిన కత్తి. ఆన్‌లైన్‌లో తెప్పించిన స్టెయిన్‌లెస్, దాంట్లో చూసి తల దువ్వుకోవచ్చు. గట్టిదనం ఎంత అని పెద్దన్నను అడిగితే కత్తిని గోటితో మీటాడు. "సౌండు ఇన్నావు కదప్పా? అంత." గొప్ప ల్యాబు.

20, మంగళవారం
పరీక్ష: టమోటా మీద కత్తి పెట్టి, నొక్కకుండా లాగాలి. తోలు తెగితే పాసు. రెండూ పాసు!

అంగళ్లు ఊళ్లో కాలేజీ దగ్గర మెస్సు నడిపే కాంతమ్మ చూసింది. "టమోటా రేటు పడిపోయిందని మటన్ అంగట్లో కూడా పారబోసినారా నాయనా?"

నవ్వండమ్మా, నవ్వండి.

22, గురువారం
రెండూ పాసు. నిన్నటికంటే పదును పెరిగింది! వాడేకొద్దీ పదునెక్కే ఉక్కు. ప్రపంచంలో ఎవడికీ తెలియనిది మదనపల్లెలో నాకు తెలిసింది. కుప్పంలో గది చూడమని స్నేహితుడికి చెప్పాను.

అమానుల్లా భాయ్ గడ్డంలో నవ్వుకుంటున్నాడు. కుళ్లు.

24, శనివారం
కాంతమ్మ మళ్లీ వచ్చింది. నేను కోస్తుంటే అడిగింది: "ముక్క ముక్కకీ ఆ రెండు కత్తులూ ఒకదానికొకటి రాస్తాండావే, యాల?"

నా చేతులు చూసుకున్నాను. రాస్తున్నాయి. సర్, సర్, సర్. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు, ఊపిరి తీసుకున్నట్టు. వారమంతా నా పోటీదారులు ఒకరికొకరు సాన పట్టుకున్నారన్నమాట!

"ఎప్పుడు తెలుస్తాదా అని సూస్తాండా," అన్నాడు భాయ్.

తీర్మానం మళ్లీ చదివాను. రాయి తగలకూడదని ఉంది. కత్తి తగలకూడదని ఎక్కడుంది? న్యాయంగా నేనే గెలిచాను.

భాయ్ కోర్టులో న్యాయం చెల్లలేదు. "రేపు నీకు ఒక కత్తే. రెండోది నా కాడ ఉంటాది."

25, ఆదివారం
స్టెయిన్‌లెస్ తీసుకున్నాను. మొదటి మేక, వెన్న. రెండోది, పర్వాలేదు. తర్వాత జనం మీద పడ్డారు.

ఎడమ చేతిలో కత్తి లేదు కాబట్టి కుడి చెయ్యి కొక్కేనికి రాయబోయింది. ఆపాను. తక్కెడకు రాయబోయింది. ఆపాను. కండ తెగడం మానేసి సాగడం మొదలెట్టింది.

"ఏమప్పా, కోస్తాండావా పీకుతాండావా?" వెనక నుంచి ఎవడో. వరసంతా నవ్వు.

కుప్పం, కుప్పం అనుకుంటూ పళ్లు బిగబట్టాను. కాసేపటికి చూసుకుంటే సానరాయి ముందు కూర్చుని నూరుతున్నాను. అక్కడికి ఎలా వచ్చానో గుర్తులేదు. చేతులు మాత్రం హాయిగా ఉన్నాయి.

సాయంత్రం బస్సుకి బబ్లూ కుప్పం వెళ్లాడు. పెద్దన్న కత్తినీ భాయ్ వాడికే ఇచ్చాడు. కుప్పం ఇనుముకు కూడా దక్కింది. నాకే దక్కలేదు.

26, సోమవారం
పేగులు కడుగుతుంటే వెలిగింది. ఒక కత్తి అక్కడ, ఒకటి ఇక్కడ. ఇక ఒకదానికొకటి రాసుకోలేవు! ఇంతకంటే పక్కా పోటీ ఉంటుందా? రుజువు చూపిస్తే భాయ్ నన్ను కుప్పం పంపక ఛస్తాడా?

కొత్త తీర్మానం! వెంటనే బబ్లూకి ఫోన్ చేశాను. "రేయ్, ఈరోజు నుంచి వారం దాకా కత్తి నూరొద్దు."

"పొద్దున్నే నూరేసినా కదన్నా."

సరే. రేపటి నుంచి.