జాబితాలో ఏడో పాట

శనివారం రాత్రి, ఇంటర్నేషనల్ సిటీ

మా బిల్డింగ్ తెలుగువాళ్ల ఉగాది ప్రోగ్రాంలో పాడే పాటలు ఇవాళ మా కమిటీ ముందుకొచ్చాయి. సాహిత్యం చదివి సరేననో కాదనో రాసే పని నాది. ఏడో కాగితం తీశాను. అది నా పాట.

ఇరవై ఏళ్ల కిందట వైజాగ్‌లో, అద్దెగదిలో, పాత కీబోర్డూ డ్రమ్ మెషీనూ పెట్టుకుని చేసిన నా మొదటి ఆల్బమ్‌లోది. ఆడది తన కోరికని అంత పచ్చిగా పాడుతుందా అని అందరూ దుమ్మెత్తిపోశారు. వేరే పేరుతో పాడాను కాబట్టి సరిపోయింది. మా ఆయనకి ఈరోజుకీ తెలీదు.

పాట తెచ్చింది పై ఫ్లోర్ శ్రావ్య, కాలేజీ పిల్ల. "పచ్చిగా ఉన్న చరణం తీసేశాను ఆంటీ. ఈవిడ పాటలు విన్నాకే నేను కీబోర్డ్ కొనిపించుకున్నాను. ఇప్పుడు మేం చేసే మ్యూజిక్ అంతా ఈవిడ దగ్గర మొదలైందే" అంది.

ఈయన కూడా కమిటీలోనే కదా, కాగితం లాక్కుని చూసి, "ఛీ, పండగపూట ఇదేం పాట?" అన్నారు.

నేను ఎర్ర పెన్ను తీసి అడ్డంగా కొట్టేశాను. నా చేత్తోనే. దేవుడా, "నేనే" అని ఒక్క మాట అంటే సరిపోయేది. రేపు లిఫ్టులో ఆ పిల్ల ఎదురైతే...

శ్రావ్య కళ్లనిండా నీళ్లు. కాగితం మడుచుకుంటూ, "ఆవిడే ఉంటే మీకు సరిగ్గా జవాబు చెప్పేది ఆంటీ. ఆ ఒక్క ఆల్బమ్ చేసి చనిపోయిందంట" అంది.

"అవునమ్మా, నేనూ అలాగే విన్నాను" అన్నాను.